వెనక కట్టిన కారు

మన దగ్గర క్యారవాన్ అంటే హీరో గారు మేకప్ వేసుకునే బస్సు. తుర్కయంజాల్ నుంచి బొంగుళూరు గేటు దగ్గర ఔటర్ ఎక్కి పెద్దఅంబర్‌పేట వైపు వెళ్తే, రామోజీ ఫిల్మ్ సిటీకి పోయే అలాంటి బస్సులు అప్పుడప్పుడు కనపడతాయి. నల్లద్దాలు, లోపల ఏసీ, సోఫా. దాని వెనకే హీరో గారి సొంత కారు వస్తుంది, దాన్ని ఇంకో డ్రైవర్ నడుపుతుంటాడు. షూటింగ్ అయ్యాక బస్సు బస్సు దారిన, కారు కారు దారిన పోతాయి.

అమెరికాలో ఇదే పనికి డ్రైవర్ ఉండడు. కారునే బస్సు వెనక తగిలిస్తారు. నాలుగు చక్రాలూ రోడ్డు మీదే ఉంటాయి, లోపల మనిషి ఉండడు, ఇంజన్ ఆన్‌లో ఉండదు, అయినా గంటకు 100 కిలోమీటర్ల స్పీడుతో వెనకాలే వచ్చేస్తుంది. అలా వచ్చే కారుని వాళ్ళు ముద్దుగా ‘టోడ్’ అంటారు. లాగబడేది అనే మాటా, కప్ప అనే మాటా అక్కడ ఒకేలా వినపడతాయి కాబట్టి ఆ పేరు. ఇదంతా నాకెందుకు అంటారా? ఈ జూన్‌లో అలాంటి కప్పని వెనకేసుకుని పోయే బస్సులో మా అమ్మా నాన్నా కూర్చోబోతున్నారు కాబట్టి.

మా బావ డల్లాస్‌లో ఉంటాడు. మొన్న సెకండ్‌హ్యాండ్‌లో ఒక మోటర్‌హోమ్ కొన్నాడు. ఫోర్డ్ ఇ-450 చాసిస్ మీద కట్టిన బండి, పొడవు 30 అడుగులు. అమ్మానాన్న విజిటర్ వీసా మీద వెళ్ళగానే అందరినీ ఎక్కించుకుని ఎల్లోస్టోన్ పార్క్ చూపిస్తాడట. డల్లాస్ నుంచి అది దాదాపు 2,100 కిలోమీటర్లు. రాత్రి పదకొండుకి వాట్సాప్ కాల్ చేసి, “ఏం రా బామ్మర్ది, నీకు బండ్ల సంగతి తెలుసు గద, మన చిన్న కారు ఎన్క కట్టుకుని పోవచ్చా చెప్పు” అన్నాడు. మా అక్క వెనక నుంచి “అమ్మకు మోకాళ్ళ నొప్పి, నాయినకు షుగరు, జెర సోంచాయించి చెప్పు” అంది. వారం రోజులు ఇదే చదివాను. ఈ వారం కాలమ్ అదే.

ముందు, ఆ చిన్న కారు ఎందుకు? 30 అడుగుల బండిని ఒకసారి క్యాంప్‌గ్రౌండ్‌లో ఆపి కరెంటు వైరూ నీళ్ళ పైపూ తగిలించాక, పాల ప్యాకెట్ కోసం మళ్ళీ అన్నీ పీకి బయల్దేరడం ఎవరి వల్లా కాదు. ఎల్లోస్టోన్ లోపల తిరిగే గ్రాండ్ లూప్ రోడ్డే 142 మైళ్ళు, అంటే సుమారు 229 కిలోమీటర్లు. చూడాల్సినవన్నీ దాని చుట్టూ ఉంటాయి, పార్కింగ్ దొరకడం గగనం. ఇంకా పైకి పోతే గ్లేసియర్ పార్క్‌లో గోయింగ్ టు ది సన్ రోడ్ అని ఉంది. కొండ అంచున వేసిన దారి. అందులో అసలైన కొండ భాగంలోకి 21 అడుగుల కన్నా పొడవున్న బండిని రానివ్వరు. ఆస్పత్రి సంగతి సరే సరి. నాన్నకి షుగర్ డౌన్ అయితే ఇల్లంత బండిని తిప్పుకుంటూ అర్ధరాత్రి ఊళ్ళోకి పోవాలా? కాబట్టి కారు కావాలి, అందులో అనుమానం లేదు. ఏ కారు అన్నదే అసలు పేచీ.

బావ దగ్గరున్నది సీవీటీ గేర్‌బాక్స్ ఉన్న ఆటోమేటిక్ కారు. ‘న్యూట్రల్‌లో పెడితే చక్రాలు ఫ్రీ గదా, లాగితే ఏమైతది’ అని అతని లెక్క. మన దగ్గరా పదిమందిలో తొమ్మిది మంది అలాగే అంటారు. న్యూట్రల్‌లో పెట్టినా చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్ లోపల కొన్ని భాగాలు తిరుగుతూనే ఉంటాయి. వాటికి నూనె అందాలి. మామూలు ఆటోమేటిక్‌లో, సీవీటీలో ఆ నూనెని తోసే పంపు ఇంజన్‌తో తిరుగుతుంది. ఇంజన్ ఆఫ్ అయితే పంపు ఆగిపోతుంది, చక్రాలు మాత్రం తిరుగుతుంటాయి. మిక్సీలో నీళ్ళు పోయకుండా పచ్చడి తిప్పినట్టే, కాసేపటికి వేడి, తర్వాత కాలిన వాసన. సీవీటీలో అయితే రెండు పుల్లీల మధ్య ఇనుప బెల్టు ఉంటుంది, అది నూనె ఒత్తిడి మీదే బతుకుతుంది. 2,100 కిలోమీటర్లు వద్దు, ఒక్క పూట లాగినా గేర్‌బాక్స్ మార్చాల్సి రావచ్చు.

మరి అక్కడివాళ్ళు లాగుతున్నవి ఏవి? చాలా మాన్యువల్ గేర్ కార్లలో లోపలి పళ్ళ చక్రాలే తిరుగుతూ నూనెని చిమ్ముకుంటాయి, అందుకే పాతకాలంలో అవే ఎక్కువ కట్టేవాళ్ళు. కానీ మాన్యువల్ అనగానే కట్టేయడానికి లేదు, కంపెనీ సరే అనాలి. జీప్ రాంగ్లర్‌ది ఇంకో దారి. దాని గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేస్ అని వేరే పెట్టె ఉంటుంది, దాన్ని న్యూట్రల్‌లో పెడితే గేర్‌బాక్స్‌కి చక్రాలతో సంబంధం తెగిపోతుంది. గేర్‌బాక్స్‌ని హాయిగా పార్క్‌లో పెట్టేసి లాగొచ్చు. అందుకే అమెరికా హైవేల మీద ప్రతి మోటర్‌హోమ్ వెనకా ఒక రాంగ్లర్ ఉన్నట్టే అనిపిస్తుంది. హోండా సీఆర్‌వీ కథ చిత్రంగా ఉంటుంది. 2014 మోడల్ వరకు ఆటోమేటిక్ అయినా కట్టుకోవచ్చని కంపెనీయే రాసింది. ఆ పాత హోండా గేర్‌బాక్సుల అమరిక వేరు. 2015లో సీవీటీ వచ్చింది, ఆ వీలు పోయింది. పేరు అదే, చూడ్డానికీ ఇంచుమించు అదే. ఒక్క సంవత్సరం తేడాతో ఒకటి వెనక కట్టుకోవచ్చు, ఇంకోటి కట్టకూడదు. సెకండ్‌హ్యాండ్ కొనేవాడికి ఈ సంగతి తెలియకపోతే మునిగినట్టే.

ఈ విషయంలో యూట్యూబ్ వీడియోనీ, పక్కింటి అంకుల్‌నీ, ఆఖరికి షోరూం సేల్స్‌మన్‌నీ నమ్మక్కర్లేదు. కారుతో పాటు ఇచ్చే ఓనర్స్ మాన్యువల్‌లో ‘రిక్రియేషనల్ టోయింగ్’ అనే పేజీ ఉంటుంది. ఏ గేర్‌లో ఉండాలి, ఎంత స్పీడు దాటకూడదు, ఎన్ని గంటలకోసారి ఇంజన్ స్టార్ట్ చేసి గేర్‌బాక్స్‌లో నూనె తిప్పాలి, ఏ ఫ్యూజ్ పీకాలి, అన్నీ అందులో ఉంటాయి. బావ కారు మాన్యువల్‌లో ఆ పేజీలో వద్దు అని రాసి ఉంది. “ఆడ ఒక్క లైనే ఉందిరా” అన్నాడు నిరాశగా. ఆ ఒక్క లైను చాలు బావా అన్నాను.

సరే, కట్టడానికి వీలయ్యే కారు దొరికిందే అనుకుందాం. తాడు కట్టి లాగడానికి కుదరదు కదా. మొదట కావాల్సింది బేస్ ప్లేట్. ముందు బంపర్ ఊడదీసి, లోపల కారు అసలు చట్రానికి బోల్టులతో బిగించే ఇనుప దిమ్మ అది. ఒక్కో మోడల్‌కీ ఒక్కో రకం. బిగించాక బంపర్ మళ్ళీ పెట్టేస్తే ముందు రెండు కొక్కేలు మాత్రం కనపడతాయి. ఇక్కడే చాలామంది తెలివి ఉపయోగిస్తారు. ‘కారుకి కంపెనీ ఇచ్చిన టోయింగ్ హుక్కు ఉంది కదా, దానికే తగిలిద్దాం’ అని. ఆ హుక్కు బండి గుంటలో పడితే బయటికి లాగడానికి ఇచ్చింది. వేల కిలోమీటర్లు ప్రతి గతుకుకీ ప్రతి బ్రేకుకీ దెబ్బలు తినడానికి కాదు.

బేస్ ప్లేట్‌కీ మోటర్‌హోమ్‌కీ మధ్య ఉండేది టో బార్. ఇంగ్లీషు ‘ఎ’ అక్షరంలా రెండు చేతులు. మంచి రకాల్లో ఆ చేతులు సాగుతాయి, ముడుచుకుంటాయి. కారుని సుమారుగా వెనకాల ఆపి తగిలిస్తే చాలు, బండి కదలగానే వాటంతటవే సరిగ్గా లాక్ అవుతాయి. బ్లూ ఆక్స్ వాళ్ళది నెబ్రాస్కాలో పెండర్ అనే చిన్న ఊరు. డెమ్కో వాళ్ళది అయోవాలో బోయ్డెన్ అనే ఇంకా చిన్న ఊరు. రెండూ వ్యవసాయ పనిముట్లు చేసే చోట పుట్టిన కంపెనీలే. నాకిందులో ఆశ్చర్యం ఏం కనపడలేదు. ఇబ్రహీంపట్నం వైపు ట్రాక్టర్ వెనక ట్రాలీకి పిన్ను వేసే మనిషిని చూడండి, ఒక కొక్కెం, ఒక పిన్ను, పిన్ను ఊడకుండా ఒక క్లిప్పు. సూత్రం అదే. కాకపోతే మన ట్రాలీకి చాలాసార్లు వెనక లైటు ఉండదు, బ్రేకు ఉండదు, రాత్రిపూట సాగర్ రోడ్డు మీద దాని వెనక బైకు నడిపినవాళ్ళకి ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు.

అమెరికా పద్ధతిలో ఆ రెండింటినీ వదలరు. మోటర్‌హోమ్ బ్రేకు తొక్కితే కారు వెనక లైట్లూ వెలగాలి, ఇండికేటర్ వేస్తే కారుదీ కొట్టుకోవాలి. దానికి రెండు బండ్ల మధ్య ఒక కేబుల్ వేస్తారు. ఆ కరెంటు వెనక్కి పారి కారులోని సర్క్యూట్లు తగలబెట్టకుండా డయోడ్లు పెడతారు, లేదా కారు లైట్ల గూటిలోనే విడిగా ఒక బల్బు పెట్టేస్తారు. టో బార్ ఊడిపోయినా కారు ఎటో పోకుండా రెండు ఇనుప తాళ్ళు అడ్డంగా ఒకదాని మీద ఒకటి వేస్తారు. టో బార్ నేలకి దాదాపు సమాంతరంగా ఉండాలి. రెండు కొసల మధ్య నాలుగైదు అంగుళాల ఎత్తుపల్లం ఉన్నా, గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు మోటర్‌హోమ్ కిందకి దూరడమో మీదకి ఎక్కడమో చూస్తుంది.

ఇక బ్రేకు. నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యం. బావ మాత్రం దీన్నే ‘తర్వాత సూద్దాం’ లిస్టులో పెట్టాడు. మోటర్‌హోమ్ బ్రేకులు దాని సొంత బరువుని ఆపడానికి తయారైనవి. వెనక ఇంకో టన్నున్నర తోసుకొస్తుంటే ఆగే దూరం పెరుగుతుంది. కొండ దిగేటప్పుడు అయితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. అందుకని కారులో కూడా ఒక బ్రేకు యంత్రం పెడతారు. ఒక రకం డ్రైవర్ సీటు ముందు నేల మీద పెట్టె లాగా కూర్చుంటుంది, ముందు బండి స్పీడు తగ్గిందని పసిగట్టి కారు బ్రేకు పెడల్‌ని ఒక ఇనుప చెయ్యితో తొక్కుతుంది. ఇంకో రకం శాశ్వతంగా బిగించేది. ఏదైనా దానికి తోడు బ్రేకవే స్విచ్ ఉండాలి. సన్నని తీగ ఒకటి మోటర్‌హోమ్‌కి కట్టి ఉంటుంది, కారు పూర్తిగా తెగిపోతే ఆ తీగ స్విచ్‌ని పీకేస్తుంది, కారు తనంతట తాను బ్రేకు వేసుకుని ఆగిపోతుంది. ఎంత బరువు దాటితే బ్రేకు తప్పనిసరి అన్నది అక్కడ రాష్ట్రానికో లెక్క. డల్లాస్ నుంచి ఎల్లోస్టోన్ పోయేవాడు ఎన్ని రాష్ట్రాలు దాటాలో లెక్కపెట్టుకుని, అన్నిటికన్నా కఠినమైన రూలు ఏదో దాన్నే పట్టుకోవడం మేలు.

బరువుల లెక్క కూడా చూశాను, ఇది తేలికే. ఇ-450 చాసిస్ మీద లోడుతో సహా బండి 14,500 పౌండ్లు దాటకూడదు, బండీ వెనక లాగేదీ కలిపి 22,000 దాటకూడదు. తేడా 7,500. అబ్బో చాలా ఉంది అనుకుంటాం. కానీ బండి వెనక హిచ్ మీద 5,000 అని స్టిక్కర్ ఉంది. రెండింటిలో తక్కువదే మన లెక్క. 3,500 పౌండ్ల కారు, అంటే మన కిలోల్లో దాదాపు 1,590, ఇందులో సరిపోతుంది. సామాన్లు, వాటర్ ట్యాంకు, అమ్మ తీసుకెళ్ళే పచ్చళ్ళు, సకినాలు అన్నీ 14,500 లోపలే ఉండాలి సుమా.

ఇంకో చిక్కు ఉంది, చాలామంది కట్టాక తెలుసుకుంటారు. ఇలా నాలుగు చక్రాల మీద కట్టిన కారుతో రివర్స్ చేయకూడదు. వెనక్కి తోస్తే కారు ముందు చక్రాలు ఒక పక్కకి పూర్తిగా తిరిగిపోయి అడ్డంగా ఈడ్చుకుపోతాయి, టో బార్ వంగిపోతుంది. ఇరుకు పెట్రోల్ బంకులోకి దూరి ఇరుక్కుంటే దిగి కారు విప్పాల్సిందే. మరి ముందు చక్రాలు ఎత్తి పెట్టే డాలీ ఉంది కదా, మొత్తం కారుని ఎక్కించే ట్రైలర్ ఉంది కదా అంటే, ఉన్నాయి. బావ సీవీటీ కారు ముందు చక్రాలతో నడిచేదే కాబట్టి, మాన్యువల్ ఒప్పుకుంటే డాలీ మీద పోతుంది. కానీ ఆ డాలీ బరువు అదనం, చేరాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తలనొప్పి.

బేస్ ప్లేట్, టో బార్, వైరింగు, బ్రేకు, కూలీ అన్నీ కలిపితే మామూలుగా 3,000 నుంచి 5,000 డాలర్లు అవుతుంది. అది కట్టదగ్గ కారు ముందే ఉంటే. బావకైతే కారు కూడా మార్చాలి. ఏడాదికి నాలుగైదు సార్లు తిరిగేవాడికి ఇది సరైన ఖర్చే. మోటర్‌హోమ్‌లోనే కాపురం పెట్టే రిటైరైనవాళ్ళకి ఇంకా సరైనది. ఒక్క ట్రిప్ కోసం మాత్రం నేను వద్దంటాను. పార్కుకి దగ్గర్లో బోజ్‌మన్‌లో, జాక్సన్‌లో ఎయిర్‌పోర్టులు ఉన్నాయి, కార్లు అద్దెకిస్తారు. మోటర్‌హోమ్ అక్కడిదాకా ఒంటరిగా పోతే, అక్కడ చిన్న కారు తీసుకుంటే సరి. అక్క వెంటనే నా వైపు వచ్చేసింది. బావ మాత్రం “సూద్దాం” అన్నాడు. ఆ మాటకి మా ఇంట్లో అర్థం ఇంకా ఆశ చావలేదని.

ఈ మాటలన్నీ వింటూ మంచం మీద కూర్చున్న నాన్న మధ్యలో అడిగాడు: “గట్లయితే ఎన్క కార్ల స్టీరింగ్ ఎవరు పట్టుకోవాలెరా? నేను కూసుంట తియ్.”

నవ్వొచ్చింది గానీ, నాన్న అడిగింది అక్షరాలా మన దేశపు రూలు. రూల్స్ ఆఫ్ ది రోడ్ రెగ్యులేషన్స్, 1989 ప్రకారం ఇంకో బండి లాగే బండిలో లైసెన్సు ఉన్న మనిషి డ్రైవర్ సీట్లో ఉండాలి, లేదంటే స్టీరింగ్ తిరిగే చక్రాలు క్రేన్‌తో రోడ్డు మీది నుంచి పైకి లేచి ఉండాలి. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు. లాగే స్పీడు గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు. వెనక బండికి తెల్ల పలక మీద 75 మిల్లీమీటర్ల నల్లటి అక్షరాలతో ‘ఆన్ టో’ అని రాసి తగిలించాలి. అన్నిటికన్నా ముఖ్యం, లాగాల్సింది చెడిపోయిన బండినో, పూర్తిగా తయారుకాని బండినో. అదీ దగ్గర్లోని షెడ్డు దాకానో పెట్రోల్ బంకు దాకానో, డెలివరీ కోసమో. 2017లో వీటి స్థానంలో కొత్త డ్రైవింగ్ రెగ్యులేషన్స్ వచ్చాయి, అసలు ఉద్దేశం మారలేదు. అంటే బాగున్న కారుని సరదాగా క్యారవాన్ వెనక కట్టుకుని పోవడానికి ఇక్కడ చోటు లేదు. కేరళలో 2021లో కారవాన్ టూరిజం మొదలైనా, దాని వెనక కప్పలు రాలేదు. రూలు సంగతి పక్కనపెట్టినా, ఇక్కడ డ్రైవర్ జీతం టో బార్ కన్నా చవక.

అయినా మన దగ్గర లాగడం లేదా? రోజూ ఉంది. బీఎన్‌రెడ్డి నగర్ నుంచి ఇబ్రహీంపట్నం దాకా సాగర్ రోడ్డు మీద సాయంత్రం పూట నిలబడితే వారానికి ఒక్కసారైనా కనపడుతుంది. ముందు ఒక కారు, వెనక ఒక కారు, మధ్యలో నైలాన్ తాడు. తెల్ల పలక లేదు, గుర్తుగా తాడుకి ఒక ఎర్ర గుడ్డ ముక్క కూడా లేదు. ట్రాఫిక్ మెల్లగా ఉంది కదా అని బైకు మీద కుర్రాడు రెండు కార్ల మధ్య సందులోంచి అటు దూరతాడు. తాడు సాగి బిగుసుకునేది సరిగ్గా అప్పుడే. ఆ తాడు కనపడదు. బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్తున్నా, రెండు కార్లు అతుక్కుని ఒకే వేగంతో పోతుంటే, వెనక కారులో ఇద్దరు కంగారుగా ముందుకే చూస్తుంటే, మధ్యలోకి దూరకండి.

మా కాలనీలోనే ఒకాయన ఆటోమేటిక్ కారు బొంగుళూరు గేటు దాటాక ఆగిపోయింది. అదీ సీవీటీయే. ఫ్రెండ్ పెద్ద బండికి తాడు కట్టి ఎల్బీనగర్‌లో షెడ్డు దాకా లాక్కొచ్చారు. ఆగిపోవడానికి కారణం చిన్న కరెంటు లోపం, రెండు వేలతో పోయేది. గేర్‌బాక్స్‌లో మోత మాత్రం లాక్కొచ్చిన తర్వాత మొదలైంది. దాని బిల్లు ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు మన రోడ్ల మీద ఆటోమేటిక్‌లు ఎక్కువయ్యాయి. మాన్యువల్ కారైతే న్యూట్రల్‌లో, మెల్లగా, దగ్గరి షెడ్డు దాకా తాడుతో లాగితే ఫర్వాలేదు. ఏఎంటీ అంటే లోపల మాన్యువల్ గేర్‌బాక్సే, కానీ బ్యాటరీ చచ్చిపోయి గేర్‌లో ఇరుక్కుంటే న్యూట్రల్‌లోకి రాదు. సీవీటీ, మామూలు ఆటోమేటిక్ అయితే తాడు మాటే వద్దు. ఎలక్ట్రిక్ కార్లలో చక్రం తిరిగితే మోటరూ తిరుగుతుంది, తిరిగే మోటరు కరెంటు పుట్టిస్తుంది, అందుకే వాటినీ నేల మీద లాగకూడదు. వీటన్నిటికీ ఫ్లాట్‌బెడ్ బండే. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కట్టి ఉంటే ఫోన్ చేసినప్పుడు ‘కారు ఆటోమేటిక్, ఫ్లాట్‌బెడ్ పంపండి’ అని మొదటి మాటగా చెప్పండి. లేదంటే ముందు చక్రాలకి కొక్కెం వేసే క్రేన్ వస్తుంది. ముందు చక్రాలతో నడిచే కారుకి అది చాలావరకు సరిపోతుంది గానీ, నాలుగు చక్రాలతో నడిచేదైతే వెనక రెండూ తిరుగుతూ పాడుచేస్తాయి.

ఇంకా ఒక పని ఉంది, ఐదు నిమిషాలు పట్టదు. మీ కారు డిక్కీలో స్టెపినీ దగ్గర, జాకీ పక్కన, మరలు ఉన్న ఇనుప రింగు ఒకటి ఉంటుంది. బంపర్ మీద చిన్న చదరపు మూత తీస్తే కనపడే రంధ్రంలోకి దాన్ని పూర్తిగా బిగిస్తే అదే మీ టోయింగ్ హుక్కు. ఫ్లాట్‌బెడ్ వాడైనా దానికే వైరు తగిలించి పైకి లాగుతాడు. అది లేకపోతే దేనికి పడితే దానికి తగిలిస్తాడు. ఆదివారం మా వీధిలో నాలుగు కార్ల డిక్కీలు తెరిపించాను. ఇద్దరికి దొరికింది. ఒకరికి వెతగ్గా వెతగ్గా సీటు కింద దొరికింది. నాలుగో ఆయన కాసేపు తల గోక్కుని, పోయిన దసరాకి ఇల్లు దులిపినప్పుడు పాత ఇనుముకి వేసేశానన్నాడు.